మెట్ల వంతెన మీద హాల్టు

గుఢియారీ పేట నుంచి రాయపూర్ స్టేషను అవతలకి పోవాలంటే మెట్ల వంతెన ఎక్కాలి. ఎక్కేవాళ్లంతా పట్టాలు దాటడానికి ఎక్కుతారు. దానయ్య మాత్రం జోకులు చెప్పడానికే ఎక్కుతాడని అక్కడి తెలుగువాళ్లలో పేరు. ఆయన గూడ్సు గార్డుగా రిటైరయ్యాడు. ఉద్యోగం చేసినన్నాళ్లూ రైలు తోక డబ్బాలో ఒంటరిగా కూర్చున్న మనిషి కాబట్టి, అప్పుడు మాట్లాడని మాటలన్నీ ఇప్పుడు బట్వాడా చేస్తున్నాడని ఆయన స్నేహితుడు బంగారయ్య అంటాడు.

అసలు సంగతి వేరు. దానయ్య భార్య సరోజిని ఆగకుండా మెట్లెక్కలేని మనిషి. నాలుగు మెట్లెక్కేసరికి ఊపిరందదు, ఆగాలి. జనం తోసుకుంటూ పోయే వంతెన మీద ఓ ఆడమనిషి కమ్మీ పట్టుకుని వగరుస్తూ నిలబడితే, "క్యా హువా మాతాజీ" అంటూ ఊరంతా మూగుతుంది. సరోజినికి ఆ జాలి చావుకన్నా చేదు. అందుకని దానయ్య ఓ ఏర్పాటు చేశాడు. ఆవిడ చెయ్యి కమ్మీ మీద పడగానే ఈయన నోరు తెరుచుకుంటుంది. కింద ప్లాట్‌ఫారం దాకా వినబడేలా ఓ జోకు పేలుతుంది. ఆవిడ వంగి, భుజాలెగరేస్తూ ఊపిరి పీల్చుకుంటుంది. చూసేవాళ్లకి పడీపడీ నవ్వుతున్నట్టే ఉంటుంది. ఆగింది ఆయాసానికి కాదు, హాస్యానికి అనుకుంటారు.

"రైలుకి హాల్టు ఉండాలి గానీ హార్టుకి హాల్టు ఉండకూడదు సరోజినీ!" అని అరిచేవాడు.

కాసేపటికి ఆవిడ పైట సర్దుకుని, "సాల్లెండి, ఇంక కదలండి" అనేది. అదే పచ్చజెండా. పుట్టిల్లు శ్రీకాకుళం పక్కన. ఎంత ఆయాసంలోనూ ఆ యాస మాత్రం పోలేదు. ఆవిడ ముందు, గార్డుగారు వెనక. రైలు మళ్లీ కదిలేది.

గుండె జబ్బు ఇవాళ్టిది కాదు. చాన్నాళ్ల కిందట ఓ పొద్దున్న సరోజిని ఉప్మా కలుపుతూ కలుపుతూ పొయ్యి పక్కనే పడిపోయింది. గుండెకి బ్లాకు అన్నారు. రైల్వేలో బ్లాకు అంటే పట్టాల పని కోసం లైను ఆపడం, సినిమాహాలు దగ్గర బ్లాకు అంటే టిక్కెట్లు. గుండెలో కూడా ఓ బ్లాకు ఉంటుందనీ, పైగదిలో పుట్టిన కబురు కిందిగదికి చేరకుండా మధ్యలోనే ఆగిపోతుందనీ దానయ్యకి ఆ రోజే తెలిసింది. వైజాగ్ తీసుకెళ్లి పేస్‌మేకర్ పెట్టించాడు. "పెళ్లానికి పేస్‌మేకరు, మొగుడికి పేచీమేకరు" అని ఊరంతా చెప్పుకుని తిరిగాడు.

వైజాగే ఎందుకంటే, గుఢియారీ తెలుగువాళ్ల అలవాటే అంత. జలుబూ జ్వరం రాయపూర్‌లో చూపించుకుంటారు. అంతకుమించి ఏదొచ్చినా పెట్టె సర్దుకుని 'మన వైపు' బయల్దేరతారు. పుట్టి పెరిగింది ఇక్కడే అయినా, పిల్లలు హిందీలో కలలు కంటున్నా, ఒంటి మీద కత్తి పడాల్సొస్తే మాత్రం అది తెలుగు కత్తే అయ్యుండాలి. చాలామందికి రైల్వే పాసుంది, ఎక్కితే దింపేది వైజాగే. "చేతిలో పాసు పెట్టుకుని ఫెయిలెందుకవుతాం" అని దానయ్యే అందరికీ సలహా ఇచ్చేవాడు.

ఈ మధ్య మెట్ల వంతెన మీద హాల్టులు పెరిగాయి. నాలుగు మెట్లకొకటి కాస్తా రెండు మెట్లకొకటయింది. కూతురు బిందుమాధవి శంకర్ నగర్‌లో ఓ ఆఫీసులో పనిచేస్తుంది. అమ్మ వాలకం చూసి, ఆఫీసుకి దగ్గర్లో ఉన్న ఓ చిన్న ఆసుపత్రికి లాక్కెళ్లి ఎకో తీయించింది. గుండె సాగిపోయిందట. సగం బలం కూడా లేదట.

"ఎకోలో ఎక్కువేం లేదమ్మా, అంతా తక్కువే" అన్నాడు దానయ్య.

ఎవరూ నవ్వలేదు. నవ్వకపోవడం ఆయనకి కొత్త కాదు. కొత్త ఏమిటంటే, ఆయనకే ఏమీ అనిపించలేదు. భయం లేదు, ఏడుపు లేదు. ఎక్కువసేపు మఠం వేసుక్కూర్చుంటే కాలు తిమ్మిరెక్కుతుంది చూశారూ, అడుగు పడుతుంది గానీ నేల తెలీదు. లోపలంతా అలా అయిపోయింది. మాటలు మాత్రం అలవాటు కొద్దీ వస్తూనే ఉన్నాయి.

ఆ ఆసుపత్రి డాక్టర్ యోగేష్ నలభై లోపు మనిషి. మాటలో హిందీ, హిందీలో ఛత్తీస్‌గఢీ.

"దేఖియే అంకుల్‌జీ. గుండెకి సొంత వైరింగు ఉంటుంది. ఎడమగదికీ కుడిగదికీ ఒకేసారి కబురందిస్తుంది. ఆంటీజీకి ఆ వైరు పైనే తెగింది. పాత పేస్‌మేకర్ తీగ కొస గుండె అడుక్కి తగిలించి ఉంది. అక్కణ్ణుంచే తట్టి లేపుతోంది. ఇన్నాళ్లూ ప్రాణం నిలబెట్టింది, దాన్నేం అనకూడదు. కానీ కుడిపక్క ముందు, ఎడమపక్క తర్వాత కదులుతున్నాయి. కొందరికి ఏళ్లు గడిచేకొద్దీ గుండె ఇలా అలిసిపోతుంది."

"ఇంజిను వెనకాల తగిలించి తోయిస్తున్నారన్నమాట."

"పూర్తిగా కాదు గానీ, అలాగే అనుకోండి. ఎలాగూ బ్యాటరీ అయిపోవస్తోంది, పెట్టె మార్చాలి. మార్చేటప్పుడే కొత్త తీగ వేద్దాం. గదుల మధ్య గోడలోకి స్క్రూలా తిప్పుతూ దింపితే, తెగిన చోటు దాటాక మిగిలిన సొంత వైరుని పట్టుకోవచ్చు. అప్పుడు రెండు పక్కలూ కలిసి కొట్టుకుంటాయి."

"దానికి పెద్ద పెద్ద మిషన్లు కావాలేమో సాబ్?"

"మొన్నటిదాకా మేమూ అలాగే అనుకునేవాళ్లం. పెద్ద ఊళ్లలో పెద్ద మిషన్లున్న చోటే చేసేవారు. ఇప్పుడు మామూలు తీగతో, మామూలు ఈసీజీ గీత చూసుకుంటూ, మెట్టుమెట్టుగా చేసే పద్ధతి మాలాంటి చిన్న చోట్ల వాళ్లకి నేర్పుతున్నారు. నేను వెళ్లి నేర్చుకుని వచ్చాను. చాలామందికి చేశాను. చాలు, ఈసీజీ ఉంటే."

"ఈసీజీ! అంటే ఈజీ, జీ!"

డాక్టరు నవ్వాడు. "ఈజీ కాదు అంకుల్‌జీ. ఇదివరకటికన్నా ఈజీ, అంతే. ఆలస్యం మాత్రం చెయ్యొద్దు."

"మీదే ఊరు?"

"తిల్దా."

దానయ్య మొహంలో దీపం ఆరిపోయింది. తిల్దా అంటే ఆయనకి తెలియనిదా. గూడ్సుని సైడింగులో, పక్క పట్టాల మీద పెట్టేసి, రైసుమిల్లుల బియ్యం బస్తాలు ఎక్కేదాకా తవుడు దుమ్ములో తుమ్ముకుంటూ కూర్చున్న ఊరు. ఆ ఊరి నుంచి బియ్యం రావాలి గానీ డాక్టర్లు రావడమేమిటి?

బయటికొచ్చాక కూతురితో అన్నాడు: "తిల్దావాడు దిల్ దాకా వెళ్తాడంటావా?"

"నాన్నా, బస్ కరో! ఆయన దగ్గర చేయించుకున్నవాళ్లు మా ఆఫీసులోనే ఉన్నారు."

"ఉండనీవే. మీ అమ్మ గుండె మన వైపు తయారైంది. మరమ్మతు కూడా మన వైపే."

సాయంత్రం బంగారయ్య వచ్చి ఇంకాస్త ఆజ్యం పోశాడు. కాఫీ గ్లాసు పట్టుకుని, "చూడు బావా, గుండె అంటే ఓ పంపు. ఆ పంపు పాడైంది. చెల్లెమ్మని వైజాగ్ పంపు. రెండూ పంపులే" అన్నాడు. దానయ్య పద్ధతిలో దానయ్యకే చెప్పాడు కాబట్టి అది ఆయనకి వేదంలా తోచింది.

సరోజిని మంచం మీద దిండ్లకి ఆనుకుని కూర్చుని ఉంది. "నన్నెవులూ అడగరేటి?" అంది.

"నీ గుండె గురించి నిన్నడిగేదేముంది, కంగారు పడతావు" అన్నాడు దానయ్య.

వైజాగ్ రైల్లో ఆ పగలంతా సరోజిని పడుకోలేదు. పడుకుంటే ఊపిరి మునిగిపోతున్నట్టుందని కిటికీ ఊచలు పట్టుకుని కూర్చుంది. ఎదురుగా దానయ్య. డబ్బాలో వాళ్లు చూస్తున్నారు. జోకు చెప్పాలి. చెప్పాడు. ఖరియార్ రోడ్ దాటేదాకా రైల్వే జోకులు, ఆ తర్వాత ఆసుపత్రి జోకులు, ఇంకా తర్వాత బంగారయ్య మీద జోకులు. అక్కడ మెట్లు లేవు, రైలు నడుస్తూనే ఉంది, ఆవిడ మాత్రం ఆగిపోయే ఉంది. రాయగడ వచ్చేసరికి ఆయన దగ్గర సరుకు అయిపోయింది. సరోజిని పెదాలు నేరేడుపండు తిన్నట్టున్నాయి. అది చూసి ఏదో అనుకోవాలని ఆయనకి తెలుసు. ఏమీ అనుకోలేకపోయాడు. బొబ్బిలిలో ఇడ్లీ కొన్నాడు. ఎవరూ తినలేదు.

వైజాగ్‌లో పేస్‌మేకర్ పెట్టిన పాత డాక్టరు రిటైరై వెళ్లిపోయాడు. ఆ కుర్చీలో ఉన్న కొత్తాయన ముందు ఆక్సిజన్ పెట్టించి, సూదులు పొడిపించి, ఊపిరితిత్తుల్లో చేరిన నీరు తీయించాడు. తర్వాత దానయ్యని పిలిచాడు.

"మీ రాయపూర్ డాక్టరు చెప్పింది అక్షరాలా కరెక్టు. మేమూ అదే చేస్తాం, అలాగే చేస్తాం. ఆ మాట మా నోట వినడానికి ఈవిణ్ణి ఇంత దూరం కూర్చోబెట్టి తెచ్చారా?"

"మన వైపు కదా సార్ అని..."

"గుండెకి వైపేమిటండీ! మా దగ్గర వరసలో ముందున్నవాళ్లు చాలామంది. ఇంటి పక్కనే చేసేవాళ్లున్నప్పుడు అక్కడ చేయించడమే మంచిది. చేశాక చూపించుకోవడానికి కూడా దగ్గర. ఇంకోటి, ఈ ప్రయాణంలో బాగా అలిసింది. ముందయితే ఆపరేషన్ బల్ల మీద కాస్త ఎక్కువసేపు పడుకోగలిగేది."

ఆ చివరి మాట దానయ్య చెవిలోకి వెళ్లింది గానీ లోపల ఎక్కడా తగల్లేదు. తిమ్మిరెక్కిన చోట సూది గుచ్చినట్టు.

"మన వైపు, మన వైపు అనీసి నన్ను ఈ వైపు ఆ వైపు తిప్పినారు," అంది సరోజిని మంచం మీంచి. "ఊపిరి ఏ వైపు అందితే అదే నా వైపు. ఇంటికెల్లిపోదాం. ఆ తిల్దా బాబు చేతే చేయించుకుంటాను."

దానయ్య నోట్లోకి 'వైపు'కీ 'వైఫు'కీ కలిపి ఓ ముక్క వచ్చింది. మింగేశాడు. పెళ్లయ్యాక మొదటిసారి.

కాస్త తేరుకున్నాక రాయపూర్ తెచ్చారు. యోగేష్ ఒక్క మాట కూడా దెప్పలేదు. దెప్పితే బాగుండుననిపించింది దానయ్యకి.

ఆపరేషన్ రోజున గాజు అద్దం ఇవతల, కంప్యూటర్ల గదిలో నిలబడ్డాడు. పెద్ద యంత్రమేదో ఉంటుందని ఇంకా ఓ మూల ఆశ ఉండేది. కనబడింది వీధి చివరి క్లినిక్కులో ఉండే ఈసీజీ పెట్టే. దాని తీగలే సరోజిని ఒంటినిండా అంటించారు. భుజం దగ్గర మత్తు సూది ఇచ్చారంతే, మెలకువగానే ఉంది. తెర మీద ఆవిడ గుండె గీత నడుస్తోంది. వెడల్పుగా, సోమరిగా, అరిగిపోయిన రంపంలా.

లోపలికెళ్లే ముందు యోగేష్ దాచకుండా చెప్పాడు. "గోడ గట్టిగా ఉంటే తీగ దిగదు. కొన్నిసార్లు ప్రయత్నిస్తాను. ఆంటీజీ ఎంతసేపు పడుకోగలిగితే అంతసేపే. పడుకోలేకపోతే పాత తీగకే కొత్త పెట్టె తగిలించి బయటికొచ్చేస్తాను. అంటే ఇప్పుడున్నట్టే ఉంటుంది." ఇప్పుడున్నట్టే ఉండటమంటే ఏమిటో ఎకో చూసిన రోజే అందరికీ తెలిసిపోయింది.

మొదటిసారి తీగ తిరిగింది గానీ దిగలేదు. గీత మారలేదు. రెండోసారి దిగినట్టే దిగి జారింది. సరోజిని గుండెలు ఎగసిపడటం అద్దంలోంచి కనబడుతోంది. చెయ్యి పక్కకి వెతుకుతోంది. కమ్మీ కోసం. దానయ్య ఆ చెయ్యిని గుర్తుపట్టాడు.

మైకులో యోగేష్ గొంతు వచ్చింది. "అంకుల్‌జీ, ఆంటీజీ కదిలిపోతున్నారు. ఇంకొక్కసారే అవకాశం. మీ దగ్గరున్న మైకు నొక్కి ఏదైనా మాట్లాడండి. నవ్వించొద్దు. కదిలితే తీగ జారుతుంది."

"నా జోకులకి ఎవరూ కదలరు సాబ్," అన్నాడు దానయ్య. పక్కనున్న నర్సు కూడా కదల్లేదు.

మైకు నొక్కాడు. ఇన్నేళ్ల జోకుల్లో ఒక్కటి, సగం ముక్క, తోక ముక్క, ఏదీ నోటికి రాలేదు. దేవుడి పేరు కూడా రాలేదు. వచ్చింది లైను. బతుకంతా తోక డబ్బాలోంచి చూసిన లైను.

"సరోజినీ, వైజాగ్‌లో ఎక్కాం," అన్నాడు. ఆ గొంతు ఆయనది కాదు, అనౌన్సుమెంటు గొంతు. "ఇంటికెళ్తున్నాం. సింహాచలం. కొత్తవలస. విజయనగరం."

సరోజిని చెయ్యి వెతకడం కాస్త తగ్గింది.

"బొబ్బిలి. ఇడ్లీ వద్దన్నావు. పార్వతీపురం. రాయగడ."

యోగేష్ వేళ్ల మధ్య తీగ తిరుగుతోంది. కళ్లు ఈసీజీ తెర మీద.

"మునిగూడ. టిట్లాగఢ్. ఇక్కడ ఇంజిను మారుస్తారు, కాస్సేపు ఆగాలి. కదలకు. ఆఁ, అయిపోయింది, బయల్దేరింది. కాంటాబాంజీ..."

కాంటాబాంజీ దగ్గర గీత సన్నబడింది.

దానయ్యకి వెంటనే అర్థం కాలేదు. రంపం లాంటి వెడల్పు పోయి, సూది మొనలా నిటారుగా ఒకటి, వెనకే ఇంకొకటి, ఇంకొకటి. లోపలెవరో "వాహ్ సర్" అన్నారు. యోగేష్ ఏమీ అనకుండా ఇంకోసారి కొలిచాడు, ఇంకోసారి చూశాడు. అప్పుడు అద్దం వైపు తిరిగి బొటనవేలెత్తాడు.

దానయ్య ఆపలేదు. "ఖరియార్ రోడ్. బాగ్‌బాహరా. మహాసముంద్..." అని ఇంటిదాకా వచ్చాకే మైకు మీంచి వేలు తీశాడు.

"ఖుషీ కాలేదా బాబూజీ?" అంది నర్సు, ఆ మొహం చూసి.

"అవుతానమ్మా. నా బండి లేటుగా నడుస్తోంది," అన్నాడు.

బిందుమాధవి వచ్చి వాటేసుకుని ఏడ్చింది. ఆయన దాని వీపు తట్టాడు. ఎవరి చెయ్యో ఎవరి వీపో తడుతున్నట్టుంది. బంగారయ్య ఫోన్ చేసి, "తిల్దావాడు చేసేశాడా బావా? అయితే నా మోకాలు కూడా ఓసారి అడుగు" అన్నాడు. గుండె డాక్టరు మోకాలు చూడడని చెప్పే ఓపిక లేక సరేనన్నాడు.

చలికాలం పోయి మామిడిపూత వచ్చింది. మళ్లీ తీసిన ఎకోలో గుండె కొంచెం బలం పుంజుకుందన్నారు. పూర్తిగా కాదు, కొంచెమే. ఓ ఆదివారం కూతురింటికని బయల్దేరి మెట్ల వంతెన దగ్గరికొచ్చారు.

సరోజిని ముందు, దానయ్య వెనక. రాత్రే ఓ జోకు తయారుచేసి పెట్టుకున్నాడు. చాలా రోజుల తర్వాత పుట్టిన జోకు. మొదటి హాల్టులో వదులుదామని నోట్లో పట్టుకుని ఎక్కుతున్నాడు. హాల్టు వచ్చే చోటు దాటింది. రెండో హాల్టు దాటింది. సరోజిని చెయ్యి కమ్మీ మీద పడటం లేదు. నెమ్మదిగానే, కానీ ఆగకుండా ఎక్కుతోంది. పైకెళ్లి వెనక్కి తిరిగింది.

"ఏటండీ, అలాగున్నారు?"

"నువ్వు ఆగలేదు."

"ఆగడానికేటుంది ఇక్కడ?"

"జోకుంది."

"అయితే సెప్పండి. ఒక్కటైనా ఇంటాను."

"ఒక్కటైనా ఏంటే? ఇన్నేళ్లూ ఈ వంతెన మీద చెప్పినవన్నీ?"

సరోజిని కాస్త మొహమాటపడింది. "ఏటి ఇన్నానండీ, నా మొహం. ఆయాసమొస్తే సెవుల్లో ఒకటే హోరు. మీ నోరు కదలడం ఆగితే, అయిపోనాది కాబోలనీసి నవ్వినట్టు వంగేదాన్ని. ఊరంతా ఇన్నారు, నేనొక్కదాన్నే ఇన్లేదు."

దానయ్య చెయ్యి కమ్మీ మీద పడింది. రాత్రి తయారుచేసిన జోకు ఎటో పోయింది. కింద ఓ గూడ్సు పోతోంది, వంతెన అదురుతోంది. ఆ అదురు ఆయన అరికాళ్లకి తెలిసింది. చాలా నెలల తర్వాత తెలిసింది. తెలియగానే వంగి, భుజాలెగరేస్తూ ఏడ్చాడు.

సంచి మోసుకుంటూ పోతున్న ఓ పెద్దాయన ఆగాడు. "క్యా హువా బాబూజీ? తబియత్ ఠీక్ హై?" ఆయన వెనక ఇంకో ఇద్దరు ఆగారు.

సరోజిని నాలుగడుగులు వెనక్కొచ్చింది. పడీపడీ నవ్వింది, కింద ప్లాట్‌ఫారం దాకా వినబడేలా. "కుఛ్ నహీ భాయ్‌సాబ్, చుట్‌కులా సునా రహే థే. జోకు చెప్తూ చెప్తూ ఆయనకే నవ్వాగడం లేదు!"

వాళ్లు కూడా నవ్వి వెళ్లిపోయారు. సరోజిని పక్కనే నిలబడి గొంతు తగ్గించింది.

"ఆ రోజు అద్దం అవతలనుంచి సెప్పినవి మాత్రం అన్నీ ఇన్నాను. మైకులోంచి కదా, హోరు మీంచి ఇనబడినాయి. కేసింగా ఒగ్గేసినారు."

దానయ్య లోపల లైను వేసుకున్నాడు. రాయగడ, మునిగూడ, టిట్లాగఢ్. నిజమే. మధ్యలో కేసింగా లేదు. గార్డు బతుకులో ఎప్పుడూ జరగని పొరపాటు.

"ఆ బండి కేసింగాలో ఆగదు," అన్నాడు కళ్లు తుడుచుకుంటూ.

"ఆగుద్ది," అంది సరోజిని, ముందుకి నడుస్తూ, ఆగకుండా.